ఎలక్ట్రిక్ గిటార్‌లో ‘గుయ్..’ శబ్దం విసిగిస్తోందా?.. నాయిస్ గేటా, సప్రెసరా? ఏది కొనాలంటే..

ఆంప్ ఆన్ చేశారు.. గెయిన్ పెంచారు.. ఇంకా ఒక్క స్ట్రింగ్ కూడా మీటలేదు. కానీ గదంతా ‘గుయ్..’ మంటూ ఒకటే రొద. ఎలక్ట్రిక్ గిటార్ వాయించే చాలామందికి ఇది రోజూ ఉండే తలనొప్పే. రీల్ రికార్డ్ చేసినా, కాలేజీ ఫెస్ట్‌లో స్టేజ్ ఎక్కినా పాటలో చిన్న గ్యాప్ వస్తే చాలు.. ఆ శబ్దమే ముందు వినిపిస్తుంది. దీనికి షాపులో రెండు పేర్లు చెబుతారు. ఒకటి నాయిస్ గేట్, రెండోది నాయిస్ సప్రెసర్. మరి రెండింటికీ తేడా ఏంటి? మీకు ఏది సెట్ అవుతుంది? ఓసారి చూద్దాం..

అసలు ఆ శబ్దం ఎక్కడిది?

మన ఇళ్లలో కరెంట్ 50 హెర్ట్జ్‌తో వస్తుంది. సింగిల్ కాయిల్ పికప్‌లు చుట్టుపక్కల వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత ప్రభావాన్ని యాంటెనాలా పట్టేస్తాయి. అదే ‘హమ్’. దీన్ని తగ్గించడానికే 1950ల్లో గిబ్సన్ కంపెనీ ఇంజినీర్ సేథ్ లవర్ రెండు కాయిల్స్ ఉన్న హమ్‌బకర్ పికప్‌ను డిజైన్ చేశారు. ఇక గెయిన్ పెంచితే వచ్చే ‘స్‌స్‌..’ శబ్దం ‘హిస్’. డిస్టార్షన్ పెడల్ గిటార్ సౌండ్‌తో పాటు నాయిస్‌నూ పెంచేస్తుంది. అందుకే హమ్‌బకర్ ఉన్నా హిస్ పోదు.

నాయిస్ గేట్.. తలుపు లాంటిది

సింపుల్‌గా చెప్పాలంటే ఇదొక తలుపు. ఏ లెవల్ దగ్గర మూసుకోవాలో ‘త్రెషోల్డ్’ నాబ్‌తో మనమే సెట్ చేస్తాం. సౌండ్ ఆ లెవల్ దాటితే తలుపు తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. ఠక్కున ఆగి, ఠక్కున మొదలయ్యే మెటల్ రిఫ్‌లకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ఓ చిక్కుంది. త్రెషోల్డ్ ఎక్కువ పెడితే, మెల్లగా తగ్గుతూ పోవాల్సిన నోట్ మధ్యలోనే తెగిపోతుంది.

సప్రెసర్.. వాల్యూమ్ తగ్గించే చెయ్యి

ఇది ఒక్కసారిగా మూసెయ్యదు. సిగ్నల్ తగ్గే కొద్దీ వాల్యూమ్‌ను కూడా కొంచెం కొంచెంగా కిందికి దించుతుంది. రాక్‌ట్రాన్ ‘హష్’ లాంటివి దీనికి తోడు, నోట్ తగ్గుతుంటే పైస్థాయి హిస్‌ను కూడా ఫిల్టర్ చేస్తాయి. బ్లూస్, మెలొడీ సోలోలు, క్లీన్ టోన్ వాయించేవాళ్లకు ఇదే మేలు. సస్టెయిన్ సహజంగా వినిపిస్తుంది.

పేరు చూసి కొనేయకండి!

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కంపెనీలు ఈ రెండు పేర్లనూ కలిపేసి వాడుతుంటాయి. సప్రెసర్ అని రాసి ఉన్నా గేట్‌లా పనిచేసేవి ఉన్నాయి. కాబట్టి షాపులో ఒక నోట్ గట్టిగా మీటి వదిలేయండి. చివరి దాకా సాఫీగా తగ్గిందా, మధ్యలో కట్ అయిందా వినండి. డికే లేదా రిలీజ్ నాబ్ ఉంటే అది తిప్పి మళ్లీ వినండి. ఇంకో మాట.. వాయిస్తున్నప్పుడు ఉండే నాయిస్‌ను ఈ రెండూ తీసెయ్యలేవు. గిటార్ సౌండ్ దాన్ని కప్పేస్తుంది, అంతే.

ఎక్కడ పెట్టాలి?

డిస్టార్షన్ తర్వాత, డిలే, రివర్బ్‌లకు ముందు పెట్టండి. లేదంటే ఎకో తోక కూడా తెగిపోతుంది. బాస్ ఎన్‌ఎస్-2 లాంటి పెడల్స్‌లో సెండ్, రిటర్న్ జాక్‌లు ఉంటాయి. డిస్టార్షన్‌ను వాటి మధ్య కలిపితే, పెడల్ గిటార్ నుంచి వచ్చే అసలు సిగ్నల్‌ను విని పనిచేస్తుంది. ఎప్పుడు మూయాలో దానికి మరింత కచ్చితంగా తెలుస్తుంది.

డబ్బులు పెట్టే ముందు ఈ టెస్ట్ చేయండి

గిటార్ వాల్యూమ్ జీరో చేయండి. శబ్దం పోతే సమస్య పికప్‌ల దగ్గరే. ట్యూబ్‌లైట్, డిమ్మర్, చార్జర్లకు దూరంగా జరిగి చూడండి. శబ్దం పోకపోతే కేబుల్, అడాప్టర్, పెడల్స్‌ను ఒక్కోటి తీసి చూడండి. అన్నీ పీకేసినా ఆంప్ ఒక్కటే గుయ్‌మంటుంటే, ముందు పెట్టే ఏ పెడల్ కూడా దాన్ని ఆపలేదు. మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉంటే మెనూలో గేట్ ఉందేమో చూసుకోండి. చాలావాటిలో ఉంటుంది.

ఈ పని మాత్రం అస్సలు చేయొద్దు!

హమ్ తగ్గుతుందని కొందరు ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేస్తుంటారు. ఇది ప్రాణాలతో చెలగాటమే. ఆంప్‌లో లోపం వస్తే గిటార్ స్ట్రింగ్స్‌లోకి కరెంట్ రావచ్చు. ఒక చెయ్యి స్ట్రింగ్స్ మీద, మరో చెయ్యి మైక్ మీద ఉంటే ఇక అంతే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో ‘స్టోన్ ద క్రోస్’ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే ఎర్తింగ్ లేని మైక్ పట్టుకుని, స్టేజ్ మీదే షాక్‌తో చనిపోయారు. సో.. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చెక్ చేయించండి. ఆ తర్వాతే పెడల్ సంగతి. ఆగి ఆగి వాయించేవాళ్లకు గేట్, నోట్‌ను సాగదీసి వాయించేవాళ్లకు సప్రెసర్.