నీలం దారిలో నింపాదిగా

చలికాలం శనివారాల్లో డెన్వర్ చుట్టుపక్కల మన తెలుగిళ్ళ తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తెల్లవారుజామునే లేచి, పిల్లలకి థర్మల్స్ తొడిగి, ఐ-70 మీద కార్లు బారులు తీరకముందే కొండ చేరాలి. పిల్లలు స్కీ స్కూల్‌కి, నాన్నలు లిఫ్ట్ ఎక్కి పైకి. అమ్మలేమో కింద లాడ్జిలో బ్యాగులకీ పులిహోర డబ్బాలకీ కాపలా. అలా కూర్చున్నవాళ్ళందరూ స్కీయింగ్ రానివాళ్ళనుకోకండి. ఒకటి రెండు సీజన్లు నేర్చుకుని, గ్రీన్ రన్ మీద చక్కగా దిగగలిగి, "ఇక అంతకు మించి నావల్ల కాదులే" అని బూట్లు విప్పేసినవాళ్ళు వాళ్ళలో చాలామందే ఉంటారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ళ కోసం.

నేను స్కీయింగ్ మొదలుపెట్టింది ముప్పై మూడో ఏట, మా చిన్నది స్కూల్లో చేరాక. ఇది ఐదో సీజన్. ఇప్పటికీ నేను దిగేవి ఎక్కువగా బ్లూ రన్లే. "ఇంకా బ్లూలోనే ఉన్నావా?" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ లెక్కలో బ్లూ అంటే బ్లాక్‌కి వెళ్ళే రైలు కోసం ఆగే జంక్షన్. నాకు మాత్రం అదే దిగాల్సిన ఊరు. వెడల్పాటి దారి, మెత్తగా చదును చేసిన మంచు, పెద్ద పెద్ద మలుపులు, మన ఊపిరికి తగ్గ వేగం. దీన్నే ఇక్కడివాళ్ళు క్రూయిజింగ్ అంటారు. కావలసిందల్లా అలాంటి దారిని వెతుక్కోవడం తెలియడమే.

రంగు ఒక్కటే చూస్తే చాలదు

ఇక్కడ గ్రీన్ సర్కిల్ తేలిక, బ్లూ స్క్వేర్ మధ్యరకం, బ్లాక్ డైమండ్ కష్టం. ఏటవాలు సుమారుగా 25 శాతం లోపు ఉంటే గ్రీన్, 25 నుంచి 40 దాకా బ్లూ, ఆపైన బ్లాక్ అని ఒక అంచనా. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని కాబట్టి ఈ శాతాలు నాకు మొదట్లో ధైర్యమిచ్చాయి. వంద శాతం అంటే నిటారు గోడ కాదు, 45 డిగ్రీల వాలు. ఆ లెక్కన బ్లూ అంటే 14 నుంచి 22 డిగ్రీలు. పైనుంచి చూస్తే బావిలోకి చూసినట్టుంటుంది గానీ, కాగితం మీద గీసి చూసుకుంటే అంత భయపెట్టదు.

పైగా మనం ఆ వాలుని నేరుగా దిగం. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ ఎందుకు వెళ్తుంది? కొండకి అడ్డంగా వెళ్ళేకొద్దీ వాలు తగ్గుతుంది కాబట్టి. స్కీయింగ్‌లో మలుపు తిప్పడమంటే మన ఘాట్ రోడ్డు మనమే వేసుకోవడం. దానికి చోటు కావాలి. అందుకే నేను రంగుకన్నా ముందు వెడల్పు చూస్తాను. ఇరుకైన గ్రీన్ దారి ఒక్కోసారి వెడల్పాటి బ్లూ కన్నా ఎక్కువ భయపెడుతుంది. ఒక పక్క చెట్లు, ఇంకో పక్క లోయ, మధ్యలో వేగం తగ్గించుకోవడానికి చోటుండదు. కొండ మీద అడ్డంగా వేసిన ఆ సన్నటి దారుల్ని క్యాట్ ట్రాక్ అంటారు. వాటి మీద కాళ్ళు వణికినంత మాత్రాన మీకు బ్లూ రాదని తీర్మానించుకోకండి.

ఇంకో సంగతి. ఈ రంగులు ఏ రిసార్ట్‌కి ఆ రిసార్టే, తన కొండలో ఉన్న దారుల్ని ఒకదానితో ఒకటి పోల్చి పెట్టుకుంటుంది. ఒకచోట బ్లూ ఇంకోచోట బ్లాక్ కావచ్చు. లండన్ నుంచి ఆల్ప్స్‌కి వెళ్ళే అక్కచెల్లెళ్ళు గుర్తుంచుకోవాల్సింది, అక్కడ బ్లూ అంటే తేలిక దారి. మన మధ్యరకానికి దగ్గరగా ఉండేది రెడ్.

వెతుక్కునే పద్ధతి

ముందు రిసార్ట్ యాప్‌లో గ్రూమింగ్ రిపోర్ట్ చూడండి. రాత్రి ఏయే దారుల్ని యంత్రాలతో చదును చేశారో అందులో ఉంటుంది. పొద్దున్నే ఆ దారులు దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలతో కనిపిస్తాయి. చదును చేయని బ్లూ మీద రెండు మూడు రోజుల్లో మంచు గుట్టలు గుట్టలుగా మేటవేస్తుంది. పేరు అదే, రంగు అదే, దిగడం మాత్రం వేరే విద్య.

తర్వాత మ్యాప్. అందరూ దారుల పేర్లు వెతుకుతారు, నేను లిఫ్టులు వెతుకుతాను. ఏ లిఫ్ట్ పైనుంచి దిగే దారులన్నీ, లేదా దాదాపు అన్నీ, నీలంగా ఉన్నాయో చూస్తాను. అక్కడైతే మలుపు తప్పినా ఇంకో బ్లూలోకే వెళ్తాం. అన్నీ తిరిగి అదే లిఫ్ట్ దగ్గరికి చేరతాయి కాబట్టి ఎవరి కోసమూ వెతుక్కోనక్కరలేదు.

చివరగా, లిఫ్ట్ దగ్గర ఉండే సిబ్బందిని అడగండి. "తేలికైన బ్లూ ఏది?" అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. "రాత్రి గ్రూమ్ చేసిన, వెడల్పుగా ఉండే బ్లూ ఏది?" అంటే సరైన జవాబొస్తుంది.

బ్రెకెన్‌రిడ్జ్‌లో నా దారులు

నేను ఎక్కువగా వెళ్ళేది బ్రెకెన్‌రిడ్జ్‌కి. 1859లో బంగారం వేటతో పుట్టిన ఊరు. బొనాంజా, క్లెయిమ్‌జంపర్ లాంటి దారుల పేర్లలో ఇప్పటికీ ఆ వాసనుంది. 6 నుంచి 10 దాకా నంబర్లు వేసిన ఐదు శిఖరాల మీద ఈ రిసార్ట్ పరుచుకుని ఉంటుంది. మొదటిసారి మ్యాప్ చూస్తే కళ్ళు తిరుగుతాయి. మనకి ముందుగా కావలసినవి రెండే, 9, 7.

పీక్ 9 కింద క్విక్‌సిల్వర్ లిఫ్ట్ దగ్గర సిల్వర్‌థార్న్ అనే వెడల్పాటి గ్రీన్ ఉంది. ఒంటికి వేడి పుట్టడానికి అక్కడ రెండు రౌండ్లు. కాళ్ళు మాట వింటున్నాయనిపిస్తే పైకి వెళ్ళి క్యాషియర్, బొనాంజా. గ్రీన్ నుంచి బ్లూకి మొదటి అడుగు వేయడానికి ఇవి మంచి దారులు.

అసలు విందు పీక్ 7 మీద. ఊళ్ళోంచి గొండోలా ఉచితం, తిన్నగా పీక్ 7 కిందకి చేరుస్తుంది. ఇండిపెండెన్స్ సూపర్‌ఛెయిర్ ఎక్కితే నేను పైన చెప్పిన లక్షణం అక్షరాలా కనిపిస్తుంది, కిందకి వచ్చేవన్నీ నీలం దారులే. మాంటే క్రిస్టో, వైర్‌ప్యాచ్, లింకన్ మెడోస్. నేల అలలు అలలుగా ఉంటుంది. కాసేపు వాలు, కాసేపు ఊపిరి తీసుకునే చదును, మళ్ళీ వాలు. ఆ చదునులో వేగం దానంతటదే తగ్గుతుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజైతే 2013లో తెరిచిన పీక్ 6 చూడండి. చెట్లు బతకలేని ఎత్తులో బ్లూ దారులు దొరకడం అరుదు, అక్కడ దొరుకుతాయి. గాలి, మబ్బు ఉంటే మాత్రం వద్దు. చెట్ల ఆనవాలు లేకపోతే నేలెక్కడో ఆకాశమెక్కడో తెలియదు. పీక్ 10 ఎక్కువగా బ్లాక్ రన్లది, దాన్ని ఫొటోల్లో చూసుకుందాం.

వేళ కూడా ముఖ్యం. ఈ కొండ తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దుటి ఎండ మనదే. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాల్లో సూర్యుడు త్వరగా శిఖరాల వెనక్కి పోతాడు, ఎత్తుపల్లాలు కనిపించవు, మెత్తబడిన మంచు గట్టిపడుతుంది. నేను తొమ్మిదింటికి మొదలుపెట్టి రెండింటికి ముగిస్తాను. అలసిపోతే గొండోలాలో కూర్చునే దిగొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఒంటి సంగతి

కొండ కిందే ఎత్తు 9,600 అడుగులు, అంటే తిరుమలకి మూడింతలు దాటి. సముద్రమట్టంతో పోలిస్తే గాలి పీడనం 70 శాతమే. మనలో రక్తహీనత ఉన్నవాళ్ళు తక్కువేం కాదు, ఆయాసం త్వరగా వస్తుంది. డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్ళు మొదటి రోజు తక్కువ దిగి, నీళ్ళు ఎక్కువ తాగండి. తలనొప్పి, వికారం తగ్గకపోతే కిందికి దిగిపోవడమే మందు.

స్కీలు అద్దెకి తీసుకునేటప్పుడు బరువు నిజం చెప్పండి. కౌంటర్ దగ్గర పది పౌండ్లు తగ్గించే అలవాటు మనకుంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో మన బరువు, ఎత్తు, వయసు, బూటు కొలత, దిగే తీరు చూసి బిగిస్తారు. అక్కడ మొహమాటపడితే మోకాలికే నష్టం. దారిలో ఆగాల్సి వస్తే పక్కకి ఆగండి, పైనుంచి వచ్చేవాళ్ళకి కనిపించేచోట. మన కంటే కింద ఉన్నవాళ్ళకే ఎప్పుడూ మొదటి హక్కు. మీ వెనక ఎవరో గబగబా వస్తున్నారని కంగారుపడి దారి ఇవ్వక్కరలేదు, తప్పుకుని వెళ్ళాల్సింది వాళ్ళే.

మా కాలనీలో ఉండే ఒకావిడ రెండేళ్ళ క్రితం వేరే రిసార్ట్‌లో ఇంట్లోవాళ్ళ వెంట బ్లాక్ రన్ పైదాకా వెళ్ళింది. "ఏం కాదు, వచ్చేయ్" అన్నారట. సగం దారి స్కీలు చేత్తో పట్టుకుని నడిచి దిగింది. ఆ తర్వాత ఒక సీజనంతా లాడ్జి దాటలేదు. కిందటి మార్చిలో నాతో పీక్ 7కి వచ్చింది. మొదటి రన్ ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, ప్రతి మలుపు దగ్గరా ఆగాం. మూడోసారి లిఫ్ట్‌లో కూర్చున్నాక, "అక్కా, ఇందాక కిందికి చూడటం మర్చిపోయి కొండలు చూశాను" అంది. లంచ్‌కి పిలిస్తే ఇంకొక్కటి అంది.

టికెట్ కిటికీ దగ్గర కొంటే రోజుకి రెండు వందల డాలర్లు దాటే ఖర్చిది. సీజన్ మొదలవకముందే ఇంట్లో అందరికీ పాస్‌లు కొంటాం, అందులో మన పేరు మీదా ఒకటుంటుంది. పిల్లలు స్కీ స్కూల్ నుంచి వచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ఈ శనివారం ఎక్కడికి వెళ్తున్నారో చెబితే శుక్రవారం రాత్రే మ్యాప్ తెరిచి, అన్నీ నీలం దారులే ఉన్న లిఫ్ట్ ఏదో గుర్తు పెట్టుకోండి. బ్యాగులకి అక్కడ లాకర్లున్నాయి.