ఆరు నెలల గీత
హెచ్‌ఐవీ జాడ తీసే ఫారానికి రాయచోటి కనిపిస్తుంది. కోసిగి కనిపిస్తుందా?

డిసెంబర్ 1, ప్రపంచ ఎయిడ్స్ దినం దగ్గరకొచ్చింది. కర్నూలు, కడపల మీద ముఖచిత్ర కథనం శుక్రవారానికల్లా టేబుల్ మీద ఉండాలన్నారు ఎడిటర్. అంకెలకు కొదవ లేదు. నన్ను వదలనిది మాత్రం హెచ్‌ఐవీ సర్వే కోసం ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల దగ్గర నింపే చిన్న ఫారం.

అందులో పేరుండదు, చిరునామా ఉండదు. వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్) పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన కాస్తా హెచ్‌ఐవీ పరీక్షకు పోతుంది. ఎంచుకోవడం ఉండదు. వరుసలో వచ్చినవాళ్లను వచ్చినట్టే తీసుకుంటారు, ఒక్కో కేంద్రంలో 400 మంది, లేదా మూడు నెలల గడువు. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఫారంలో వయసు, చదువు, ఎన్నో కాన్పు, భర్త ఏం చేస్తాడు: వ్యవసాయ కూలీ, లారీ డ్రైవరు, హోటల్ పనివాడు... అన్నిటికీ కోడ్‌లు. ఆ తర్వాత ఒక ప్రశ్న. పని కోసం భర్త భార్యను వదిలి వేరే ఊళ్లో ఆరు నెలలకు మించి ఒంటరిగా ఉంటున్నాడా?

పాత కడప జిల్లా రాయచోటి వైపు దీనికి తడుముకోనక్కర్లేదు. మగవాళ్లు కువైట్‌లో ఉన్న ఇళ్లు అక్కడ ఎన్నో. మరి ఆదోని దాటి కోసిగి, కౌతాళం పోతే? వానలు మొహం చాటేస్తే ముసలోళ్లను ఇంటికి కాపలా పెట్టి, పిల్లల్ని చంకనేసుకుని సుగ్గికి పోతారు, గుంటూరు మిరప చేలకు. అక్కడ ఈ ప్రశ్న అడిగితే మాట ఇలా నడుస్తుంది:

“మీ ఆయన యాడుంటాడమ్మా?”

“నాతోనే మేడం. ఇద్దరమూ సుగ్గికి పోయింటిమి, ఉగాదికి వస్తిమి.”

‘లేదు’ దగ్గర టిక్కు పడుతుంది. తప్పు పట్టలేం. జంటగా పోయినవాళ్ల ముప్పూ ఒంటరి మగవాడి ముప్పూ ఒకటి కాదు. కానీ మేస్త్రీ మాట నమ్మి లారీ ఎక్కి, తెలియని ఊళ్లో గుడారం కింద నెలలు గడిపిన ఆడమనిషీ, పొలిమేర దాటని ఆడమనిషీ ఇక్కడ ఒకే లెక్కలోకి వస్తారు. సుగ్గి వల్ల ముప్పు పెరిగిందా? ఎన్నేళ్లు నింపినా ఈ ఫారం చెప్పదు. పైగా సర్వే మూడు నెలలూ మిరప కోతల కాలంలోనే పడితే, సుగ్గి జనం ఆదోని ఆసుపత్రి వరుసలోనే ఉండరు.

అట్లని ప్రశ్న మార్చేస్తే పాత అంకె పక్కన కొత్త అంకె నిలబడదు, ఏళ్ల తరబడి తీసిన జాడ తెగుతుంది. దాన్ని కదపకుండా కింద ఇంకొకటి చేర్చమంటాను: గత ఏడాది పని కోసం మీరు ఊరు దాటి పోయారా? భర్త సంగతి కాదు, ఆమె సంగతి.

చరిత్ర రెండు ముక్కల్లో: 1986లో చెన్నైలో తొలి కేసులు, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), 1998 నుంచి ఏటా, 2008 తర్వాత రెండేళ్లకోసారి ఈ సర్వే. 2001, 2006ల్లో ప్రవర్తనల సర్వేలు, 2014-15లో రక్తమూ ప్రవర్తనా కలిపి ఐబీబీఎస్. 2021 అంచనాల్లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశానికి 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 0.67.

గుంటూరు లెక్క

2004-05లో పరిశోధకుడు లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లా జనాభా నుంచే నమూనా తీసి రక్తం పరీక్షించింది. 15-49 ఏళ్లవారిలో 1.72 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఆసుపత్రి సర్వే పద్ధతిలో కట్టిన అంచనా దానికి సుమారు రెండున్నర రెట్లు! ఎందుకంటే సర్కారు ఆసుపత్రికి పేదలు ఎక్కువగా వస్తారు, ప్రైవేటు డాక్టర్లు అనుమానం ఉన్న కేసుల్ని అక్కడికే పంపుతారు. 2007లో సర్వే కేంద్రాలు పెరిగి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు తోడయ్యాక, దేశ అంచనా 52 లక్షల నుంచి 25 లక్షలకు దిగింది.

‘చివరిసారి’

ప్రవర్తనల సర్వేలో కండోమ్ గురించి ‘చివరిసారి వాడారా’ అని అడుగుతారు. ‘ఎప్పుడూ వాడతారా’ అని మాత్రమే అడిగితే చాలామంది మర్యాదకు ఊ అనేస్తారు. సెక్స్ వర్కర్లను వెతకడానికి బస్టాండు, లాడ్జీ, హైవే ధాబాల పటం చేత పట్టుకుంటారు. బేరాలు ఫోన్లలోకి మారేకొద్దీ ఆ పటం మీద దొరికేవాళ్లు తగ్గుతున్నారు. కర్నూలు హైవే మీదా అంతే.