కల్లుకుండ మొదలు మాత్ర వఱకు



విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, తెగుళ్లను గూర్చియు చెప్పుట మా పని. అయినను ఈ మాసమున పైరు తెగులును విడిచి ఇంటి తెగులును గూర్చి వ్రాయుచున్నాము. యాప్రాల్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు తిరుగునప్పుడు ఒకే యింట మూడు తరములవారిని మూడు విధములైన మత్తు పట్టియుండుట మేము చూచుచున్నాము. తాతకు కల్లును చుట్టయు, తండ్రికి సీసా, మనుమనికి గంజాయి, లేక మాత్ర. తాత తండ్రిని మందలింపజాలడు. తండ్రి కొడుకును మందలింపజాలడు. నోరు విప్పినచో "మఱి నీవేమి చేయుచున్నావు?" అను ప్రశ్న యెదురగును.

మొదట కల్లు సంగతి. తెల్లవారుజామున చెట్టునుండి దించిన ఈత రసము తీయగానుండును. ప్రొద్దెక్కిన కొలదియు అది పులిసి, అందలి చక్కెర మద్యసారముగా మాఱును. ఇది చెట్టుకల్లు. కాని యాప్రాల్ చుట్టుపట్ల పొలములు ప్లాట్లైనవి, చెట్లు తగ్గినవి. త్రాగువారు మాత్రము తగ్గలేదు. చెట్టు తగ్గియు కుండ తగ్గనప్పుడు ఆ లోటు దేనితో పూడుచున్నదో యోచింపుడు. నీరు, తీపికి సాకరిన్, మత్తునకు క్లోరల్ హైడ్రేటు, డయజెపామ్, అల్ప్రాజోలామ్ - ఇవి కల్తీకల్లులో పలుమాఱు బయల్పడినవి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు ఆసుపత్రుల పాలైరి, కొందఱు మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో, మన కూరగాయల బండ్లు పోవు బోయినపల్లిలోనే, ఒక పాఠశాల భవనమున అల్ప్రాజోలామ్ తయారుచేయుచుండగా అధికారులు పట్టుకొనిరి. క్రింద పిల్లల చదువు, పైన కల్లుకుండకు విషము! ఇంతకంటె చెప్పవలసినదేమి?

అల్ప్రాజోలామ్ వైద్యుడు వ్రాసియిచ్చినప్పుడు ఔషధమే. కొలతలేక దినదినము కడుపులో పడినచో శరీరము దానికి బానిసయగును. ఇచట మిక్కిలి ముఖ్యమైన మాట యొకటి కలదు. ఇట్టి కల్లు అలవాటైనవాడు ఒక్కసారిగా మానినచో చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును; ప్రాణమే పోవచ్చును. 2015 సెప్టెంబరులో కల్తీకల్లుపై కట్టడి వచ్చినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలందు ఇట్టి రోగులు గుంపులుగా ఆసుపత్రులకు వచ్చిరి. అధికముగా సారా త్రాగువారికిని ఈ ప్రమాదము కలదు. కావున త్రాగువానిని గదిలో వేసి తాళము పెట్టుట మాన్పు కాదు. పిచ్చి పట్టెననియో, గాలి సోకెననియో భ్రమపడక వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు కొనిపోవలెను. నగరమున ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల యిట్టివారిని చూచుచున్నది.

రెండవది తండ్రి సీసా. లెక్క వేయుదము. దినమునకు 150 రూపాయలైనచో సంవత్సరమునకు 54,750 రూపాయలు. సకాలమున తీర్చిన పంటఋణమునకు నూటికి 4 రూపాయల వడ్డీ మాత్రమే పడునని సంతోషించు రైతు, వడ్డీకి పదింతలు దుకాణమున చెల్లించి, గడువు దాటించి, ఆ రాయితీని గూడ పోగొట్టుకొనుచున్నాడు. తెల్లవాఱి బోయినపల్లిలో టమాటా అమ్మిన సొమ్ము సాయంకాలమునకు ఇల్లు చేరుచున్నదా యని ఎవరికివారు చూచుకొనవలెను. మత్తులో పురుగుమందు చల్లుట రెట్టింపు ముప్పు. మత్తులో కలహమాడినవాని చేతికి ఆ డబ్బా అందునట్లుంచుట అంతకంటె ముప్పు. దానిని తాళములో నుంచుడు. తాళపుచెవి ఇల్లాలి యొద్ద నుండవలెను.

మూడవది బిడ్డల సంగతి. ఆంధ్ర, ఒడిస్సా సరిహద్దు కొండలలో పెరిగిన గంజాయి మన నగరమునకు వచ్చుచున్నది. మనుష్యుని మెదడు ఇంచుమించు ఇరువదియైదేండ్ల వఱకు పెరుగుచునే యుండును. ఆ లోపల పట్టిన మత్తు జ్ఞాపకశక్తిని చెఱచును, కొందఱికి మతిభ్రమణమును తెచ్చును. అయితే మొదటి పాఠము వీధిలో నేర్చినదేనా? "బాబూ, బీడీకట్ట తెమ్ము" అని దుకాణమునకు పంపినది మనమే. దావతులో గ్లాసులు అందింపుమన్నది మనమే. తాతగారి నిద్రమాత్రలు గూటిలో విడిచినది మనమే. కలుపును రెండాకులప్పుడు పెఱికిన చేతితో పోవును. గింజ రాలిన పిదప ఏడేండ్లు పీడించును. ఈ మాట రైతునకు మేము చెప్పవలెనా?

చట్టములు లేకపోలేదు. పొగాకును 18 ఏండ్లలోపువారికి అమ్మరాదని 2003 నాటి చట్టము. గంజాయిని నిషేధించునది 1985 నాటి చట్టము. కాని చట్ట మొక్కటే చాలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు ఏకమై సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకి 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చినది. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. పైనుండి వచ్చిన ఆజ్ఞ పైనుండియే పోవును. ఊరు చేసికొన్న కట్టుబాటు ఊరిలో నిలుచును.

కాన సంఘసభ్యులకు మా సూచనలు నాలుగు. కూలివారికి కూలితోపాటు మందు ఇచ్చు వాడుకను మానుడు. ఆ సొమ్మును కూలిలో కలుపుడు. పంట సొమ్మును నేరుగా భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో వేయింపుడు. పిల్లలను బీడీకిగాని, కల్లునకుగాని పంపకుడు. మానదలచిన సభ్యుని ఎగతాళి చేయక, ఇద్దఱు తోడుగా వైద్యుని యొద్దకు కొనిపోవుడు. వ్యసనవిముక్తికి 14446, మనోవ్యాధులకు 14416 అను సంఖ్యలకు ఫోను చేసిన సలహా ఉచితముగా లభించును.

ఒక యింట మూడు తరములు చెడినచో దిద్దుట ఎవరితో ప్రారంభింపవలెనని పలువురు మమ్మడిగిరి. పెద్దవానితోనే యని మా సమాధానము. కాలువను మొదటి తూమునొద్ద శుభ్రపఱచినగాని చివరి మడికి మంచినీరు రాదు. తాత చుట్ట ఆర్పిన దినమున మనుమనితో మాటాడు అధికారము అతనికి కలుగును. ఆ దినము ఈ దినమే కావచ్చును.