అడ్డంగా సాగే బావిలోకి జల్లెడ

డెల్టా గ్రామాల్లో ఫిల్టరు పాయింటు బావి వేయడం మీలో కొందరు చూసే ఉంటారు. సన్నని చీలికలున్న గొట్టాన్ని అడుగున బిగించి దించుతారు. నీరు లోపలికి వస్తుంది, ఇసుక బయటే ఆగుతుంది. చమురు బావులకూ ఇదే బెడద, ఇదే ఉపాయం. చమురుతో ఇసుక కూడా పైకి వస్తే ఉక్కు గొట్టాలనే ఆకురాయిలా అరగదీస్తుంది.

అయితే కొన్ని చమురు బావులు నిలువుగా దిగి, ఆపైన అడ్డంగా సాగుతాయి. నార్వే తీరం దగ్గర ట్రోల్ అనే క్షేత్రం ఉంది. 1979లో కనుగొన్నారు, చమురు తీయడం 1995లో మొదలైంది. దాని పడమటి భాగంలో ఒకచోట చమురు పొర మందం మొదట 22 నుంచి 26 మీటర్లే. పైన వాయువు, కింద నీరు. నిలువు బావికి అందేది ఆ కాస్త మందమే. అందుకని బావిని వంచి, పొర వెంట కిలోమీటర్ల పొడవున తొలిచారు.

నిలువు బావిలో గొట్టం తన బరువుతోనే దిగుతుంది. అడ్డ భాగంలో ఆ బరువు గొట్టాన్ని ముందుకు నెట్టదు. బావి గోడకు అదిమి రాపిడి పుట్టిస్తుంది. సైకిలు బ్రేకు తీగను బల్లమీద ఒక కొస పట్టుకొని నెట్టి చూడండి, మెలికలు పడుతుంది. జల్లెడ గొట్టమూ అంతే. కనుక బరువైన గొట్టాలను పైన నిలువు భాగంలో ఉంచి, వాటి బరువుతో నెట్టిస్తారు.

అసలు ప్రమాదం వేరే ఉంది. వాయువు పైకి తన్నుకురాకుండా ఆపేది బావినిండా ఉన్న బరువైన ద్రవం. గొట్టాన్ని తొందరపడి దించితే, పంపు కడ్డీలా ద్రవాన్ని ముందుకు నెట్టి రాతిలోకి పంపుతుంది. మట్టం పడిపోతే అడుగున పీడనం తగ్గుతుంది. వాయువుకు దారి దొరికినట్లే! అందుకే పైకి పొంగివచ్చే ద్రవాన్ని కొలుస్తూ ఉంటారు. దిగిన ఉక్కు ఘనపరిమాణమెంతో అంత ద్రవమే రావాలి, మీరు చదివిన ఆర్కిమిడీస్ లెక్కే. తక్కువైతే రాయి తాగుతున్నట్లు, ఎక్కువైతే వాయువు చొరబడినట్లు.

బావి నోట బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే పెద్ద కవాటం ఉంటుంది కదా, మూసేస్తే పోలా? మామూలు గొట్టమైతే దాని చుట్టూ బిగించవచ్చు. ఇప్పుడు కవాటం మధ్యనున్నది జల్లెడ! ఎంత బిగించినా వాయువు కింది కన్నాల్లో దూరి పై కన్నాల్లోంచి వస్తుంది. అందుచేత రంధ్రాలు లేని గొట్టమొకటి, దానికో చిన్న కవాటం, చేతికందేలా సిద్ధంగా ఉంచుతారు. వాయువు జాడ కనబడగానే దాన్ని జల్లెడకు తగిలించి, అది పెద్ద కవాటం మధ్యకు చేరేదాకా దించి, అప్పుడు మూస్తారు. పనికి ముందే సిబ్బంది చేత ఇది అభ్యాసం చేయిస్తారు. అంత వ్యవధి కూడా లేకపోతే, ఎంత ఖరీదైనా సరే, జల్లెడ మొత్తాన్నీ బావిలోకి వదిలేసి నోరు మూసేయడమే.