ఉత్తర కాంతుల రాత్రి, నమాజ్ వేళ

ఐరోపాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవుల్లో అమ్మీ, అబ్బాలను పిలిపించుకుని ఉత్తర కాంతులు చూపించాలని ఆశపడుతున్నారు. ఆశ మంచిదే. భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ళ మార్పులో వివేకవంతులకు నిదర్శనాలున్నాయని దివ్య ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో తెలియజేస్తోంది. అయితే ఆ ప్రయాణానికి ఉన్ని దుస్తులతోపాటు కొంత ధర్మజ్ఞానాన్ని కూడా వెంట తీసుకుపోవాలి.

ఆ వెలుగు ఏమిటి?

ఉత్తర కాంతులను చూడటానికి ఎక్కువమంది వెళ్ళే ఊళ్ళలో నార్వేలోని ట్రోమ్సో ఒకటి. 70వ అక్షాంశానికి కొద్దిగా దిగువన, ఒక దీవి మీద ఉంది. ఓస్లో నుంచి విమానంలో సుమారు రెండు గంటల దూరం. సముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల అక్కడి చలి మనం ఊహించినంత తీవ్రంగా ఉండదు. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే తక్కువ.

సూర్యుని నుంచి విద్యుదావేశం గల కణాలు నిరంతరం వెలువడుతుంటాయి. భూమి అయస్కాంత శక్తి వాటిలో చాలావాటిని అడ్డుకుంటుంది, కొన్నింటిని ధ్రువ ప్రాంతాల వైపు నడిపిస్తుంది. సుమారు 100 కిలోమీటర్లు, ఆపైన ఎత్తులో అవి వాయువులను ఢీకొన్నప్పుడు ఆకాశం వెలుగుతుంది. ఆక్సిజన్ ఆకుపచ్చగా, మరింత ఎత్తులో ఎర్రగా, నైట్రోజన్ నీలంగా, ఊదాగా మెరుస్తాయి. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియాన్ బిర్కెలాండ్ గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంత గోళాన్ని ఉంచి ఇటువంటి వెలుగును ప్రయోగశాలలోనే చూపించాడు.

వెయ్యేళ్ళ నాటి ముస్లిం యాత్రికుడు

921లో అబ్బాసీ ఖలీఫా ముఖ్తదిర్ పంపిన రాయబార బృందంతో ఇబ్న్ ఫద్లాన్ బాగ్దాద్ నుంచి బయలుదేరి, మరుసటి ఏడాది వోల్గా నదీతీరపు బుల్గార్ రాజ్యం చేరాడు. అక్కడ ఆకాశంలో ఎర్రని మేఘాలవంటివి, వాటిలో ఆయుధాలు ధరించిన రౌతులు పోరాడుతున్నట్లు కనిపించడం చూశానని రాశాడు. విశ్వాసులైన జిన్నులు, అవిశ్వాసులైన జిన్నులు పోరాడుతున్నారని అక్కడివారు చెప్పుకునేవారు. ప్రకృతి దృశ్యాలకు ఇలాంటి కథలు కట్టకూడదని మనకు దైవప్రవక్త (స) నేర్పారు. తమ కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున గ్రహణం పట్టినప్పుడు, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు.

అదే యాత్రలో ఇబ్న్ ఫద్లాన్ ఒక రాత్రి గుడారంలో ఒక దర్జీతో మాట్లాడుతూ ఇషా అజాన్ కోసం ఎదురుచూశాడు. అజాన్ వినబడి బయటికి వచ్చేసరికి తెల్లవారుతోంది! అది ఫజ్ర్ అజాన్. వేసవి రాత్రి అంత చిన్నది. ఫజ్ర్ తప్పిపోతుందేమోనన్న భయంతో తాను నెల రోజులుగా రాత్రిళ్ళు నిద్రపోలేదని ముఅజ్జిన్ ఆయనకు చెప్పాడు.

సూర్యుడు ఉదయించని చోట

ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు క్షితిజం దాటి పైకి రాడు. మధ్యాహ్నం కొన్ని గంటలపాటు నీలి వెలుగు మాత్రం ఉంటుంది. తొలి వేకువ, చివరి మసక చీకటి ఉంటాయి కనుక ఫజ్ర్, ఇషా వేళలు గుర్తించవచ్చు. సూర్యుడే కనబడనందున జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ గుర్తులు దొరకవు. వేసవిలో ఇందుకు భిన్నం: మే 20 మొదలు రెండు నెలలు సూర్యాస్తమయమే లేదు.

గుర్తులు దొరకనంత మాత్రాన నమాజ్ మాఫీ అవుతుందా? దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాదంత ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపినప్పుడు, ఆ రోజుకు ఒక్క రోజు నమాజులు సరిపోతాయా అని సహాబాలు అడిగారు. సరిపోవనీ, వేళలను అంచనా కట్టుకోవాలనీ ఆయన సెలవిచ్చారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. ఈ ఆధారంతోనే నేటి పండితులు సమీపంలో వేళలు సక్రమంగా ఉన్న ఊరి పట్టికనో, మక్కా వేళలనో అనుసరించమంటారు. ట్రోమ్సోలో మస్జిద్ ఉంది. అక్కడి జమాఅత్ పాటించే పట్టికను ముందే తెలుసుకోవడం ఉత్తమం.

ఇంతకంటే సులువైన మార్గం మరొకటి ఉంది. కాంతులు సెప్టెంబరు నుంచి మార్చి వరకు కనిపిస్తాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళితే సూర్యోదయాస్తమయాలు రెండూ ఉంటాయి, అయిదు వేళలూ తెలుస్తాయి.

ప్రయాణికులకు

వుజూ చేసి తోలు మేజోళ్ళు తొడుక్కుంటే, ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు వాటిపై మసహ్ చేసే సౌకర్యం ఉంది. పదిహేను రోజులకంటే తక్కువ బస అనుకుంటే హనఫీ మతం ప్రకారం ఖస్ర్ చేయాలి. మన ఇంట పడమరగా ఉండే ఖిబ్లా అక్కడ దక్షిణానికి కొంచెం తూర్పుగా ఉంటుంది. రెయిన్‌డీర్ హలాల్ జంతువే కాని, జబహ్ ఎలా జరిగిందో తెలియనిదే ఆ మాంసం తినరాదు. కాడ్ చేపకు ఆ చింత లేదు, శీతకాలంలో అది సమృద్ధిగా దొరుకుతుంది.

పగలు పిల్లలకు చూపించడానికి స్తూర్‌స్టైనెన్ కొండకు వెళ్ళే కేబుల్ కారు, సామీ ప్రజల రెయిన్‌డీర్ మందలు, నవంబరు నుంచి హెర్రింగ్ చేపల కోసం తీరానికి వచ్చే తిమింగలాలు ఉన్నాయి. రాత్రి ఆకాశం మబ్బు పడితే మాత్రం ఎంత ఖర్చు పెట్టినా కాంతులు కనబడవు. అది మన చేతిలో లేదు.

చివరగా, ఇలాంటి యాత్రకు సరిపోయే స్థోమత ఉండి ఫర్జ్ హజ్ ఇంకా చేయనివారు ముందు ఆ బాధ్యత తీర్చుకోవాలి. వెళ్ళినవారు కాంతుల కోసం అర్ధరాత్రి దాటేవరకు మేలుకొని, అలసి ఫజ్ర్ వేళ నిద్రపోకుండా చూసుకోవాలి. ఆకాశం వైపు చూస్తూ గడిపే ఆ గంటల్లో రెండు రకాతుల తహజ్జుద్‌కు కూడా చోటు ఉంది. ఆ ముఅజ్జిన్‌కున్న శ్రద్ధను అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.