వేడి సాంబారన్నం ఏ డబ్బాలో పెడుతున్నారు?



సాంబారన్నం పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎంత తోమినా ఆ పసుపు రంగు పూర్తిగా పోదు. మీ వంటింట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. అందులో సబ్బు తప్పేమీ లేదు. పసుపులోని రంగు నూనెలో కరుగుతుంది. వేడి మీద ఆ నూనెతో పాటు రంగు కూడా ప్లాస్టిక్ పైపొరలోకి ఇంకిపోతుంది. అంటే ప్లాస్టిక్ డబ్బా గాజులాగా, స్టీలులాగా దేన్నీ దాటనివ్వని గోడ కాదు. అన్నంలోంచి డబ్బాలోకి కొంత వెళ్తుంది. డబ్బాలోంచి అన్నంలోకీ కొంత వస్తుంది. మొదటిది రంగు వల్ల కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

ఉదయం ఏడింటికి పొగలు కక్కే అన్నాన్ని డబ్బాలో పెట్టి మూత బిగిస్తాం. పిల్లలు దాన్ని తినేది మధ్యాహ్నం. అందుకే ఈ విషయం మనకు ముఖ్యం. అలాగని ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా పారేయనక్కర్లేదు. వేడిని, ప్లాస్టిక్‌ను దూరంగా ఉంచితే చాలావరకు సరిపోతుంది.

ప్లాస్టిక్‌లోంచి ఏం వస్తుంది?

మొదటివి రసాయనాలు. గాజులా మెరిసే గట్టి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ను బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనంతో తయారుచేస్తారు. దీన్నే బీపీఏ అంటారు. పీవీసీ మెత్తగా ఉండడానికి థాలేట్లు కలుపుతారు. ఇవి శరీరంలో హార్మోన్ల పనికి అడ్డు తగలగలవు. పిల్లల బరువు తక్కువ కాబట్టి, అంతే మోతాదు చేరినా కిలోకు లెక్కేస్తే వాళ్లకు ఎక్కువ పడుతుంది. పైగా అది ఎదిగే వయసు. అందుకే పిల్లల ఆహారాన్ని, పానీయాలను ప్లాస్టిక్‌లో మైక్రోవేవ్ చేయవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో సూచించింది.

పాలసీసాల తయారీలో బీపీఏ వాడకాన్ని యూరప్ 2011లో, అమెరికా 2012లో ఆపేశాయి. మన దేశంలో బీఐఎస్ కూడా 2015లో పాలసీసాల ప్రమాణాల్లో ఇదే నియమం తెచ్చింది. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, రోజుకు ఒంట్లో చేరినా ఫర్వాలేదనుకునే బీపీఏ పరిమితిని ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాన్ని నిషేధిస్తూ 2024 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ నిర్ణయం తీసుకుంది. ప్రస్తుతం ఆహారంలో ఉన్న స్థాయిలో బీపీఏ వల్ల ప్రమాదం లేదని అమెరికా ఎఫ్‌డీఏ అంటోంది. నిపుణులందరిదీ ఒకే మాట కాదన్నమాట.

రెండోవి మైక్రోప్లాస్టిక్‌లు, అంటే కంటికి ఆనని ప్లాస్టిక్ రేణువులు. వీటి విషయంలో వేడి ఎంత తేడా తెస్తుందో పరిశోధనలు స్పష్టంగా చూపించాయి.

- డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు 2020లో పాలీప్రొపిలీన్ పాలసీసాలను పరీక్షించారు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 6 లక్షల రేణువులు వస్తే, 95 డిగ్రీల నీటిలో ఆ సంఖ్య 5.5 కోట్లకు చేరింది.
- అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 2023లో పసిపిల్లల ఆహారపు డబ్బాలను మైక్రోవేవ్‌లో పెట్టి చూసింది. మూడు నిమిషాల్లో ఒక్క చదరపు సెంటీమీటరు ప్లాస్టిక్ నుంచే 42 లక్షల వరకు మైక్రో రేణువులు, 200 కోట్లకు పైగా అంతకంటే సూక్ష్మమైన నానో రేణువులు రావచ్చని తేలింది.
- ఐఐటీ ఖరగ్‌పూర్ పేపర్ కప్పులను పరీక్షించింది. లోపలి సన్నని ప్లాస్టిక్ పొర నుంచి 15 నిమిషాల్లో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి సుమారు 25,000 రేణువులు చేరాయి.

ఈ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కాబట్టి భయపడాల్సిన పని లేదు. అలాగని అన్నీ తేలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఎందుకంటే చేయాల్సిన మార్పు చిన్నది.

డబ్బా మీద రాసినదాన్ని ఎలా చదవాలి?

డబ్బా తిరగేస్తే అడుగున త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరీన్. 7 'ఇతర' రకాలు, పాలీకార్బొనేట్ ఇందులోకే వస్తుంది. ఆహారానికి ఈ మూడింటినీ వాడకపోవడం మంచిది. 5 అంటే పాలీప్రొపిలీన్. ఉన్నవాటిలో ఇది వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ పైన చెప్పిన డబ్లిన్ పాలసీసాలు కూడా ఈ రకమే.

'మైక్రోవేవ్ సేఫ్' అంటే డబ్బా ఆ వేడికి కరగదు, వంకర పోదు అని అర్థం చేసుకోండి. అందులోంచి ఏమీ రాదని కాదు. 'బీపీఏ ఫ్రీ' అని ఉన్న కొన్నింటిలో బీపీఏకు బదులు దానికి దగ్గరి చుట్టమైన బీపీఎస్ వాడతారు.

మనం గమనించని చోట్లు

వేడి, నూనె, పులుపు, సమయం. ఈ నాలుగూ కలిసేకొద్దీ ప్లాస్టిక్‌లోంచి వచ్చేది పెరుగుతుంది. వేడి పులిహోరను ఉదయం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మధ్యాహ్నం తింటే నాలుగూ ఉన్నట్టే. ఇంకా ఇవి చూడండి.

- కర్రీ పాయింట్ నుంచి పల్చటి కవర్లో కట్టించుకొచ్చే వేడి సాంబారు, పప్పు. వెళ్లేటప్పుడు స్టీలు గిన్నె తీసుకెళ్లండి.
- జలుబు చేసిందని వాడేసిన మినరల్ వాటర్ సీసాలో పోసి పంపే వేడినీళ్లు. ఆ ప్లాస్టిక్ సుమారు 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.
- మెలమిన్ ప్లేట్లు. పింగాణీలా కనిపించినా వీటిని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.
- హాట్‌బాక్సులు. బయట ఎలా ఉన్నా, లోపల అన్నం తగిలే గిన్నె స్టీలుదో ప్లాస్టిక్‌దో చూసి కొనండి.

రేపటి నుంచి ఏం చేయవచ్చు?

1. అన్నం, కూర, ఉప్మా, సేమియా ఏదైనా సరే, వేడిగా పెట్టేవన్నీ స్టీలు డబ్బాలోనే పెట్టండి. మూత మాత్రమే ప్లాస్టిక్‌దైతే, అన్నం దానికి తగలకుండా కాస్త ఖాళీ ఉంచండి.

2. స్టీలు డబ్బాలో చల్లారిపోతుందన్నది చాలామంది అమ్మల ఇబ్బంది. దానికి రెండు గోడల స్టీలు లంచ్ బాక్స్ దొరుకుతుంది. ముందుగా మరిగిన నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, వంపేసి, వెంటనే వేడి అన్నం పెట్టండి. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. గోరువెచ్చగా పెట్టిన అన్నం గంటల తరబడి అలాగే ఉంటే పాడయ్యే అవకాశం ఎక్కువ.

3. ఫ్రిజ్‌లోంచి తీసినది వేడి చేయాలంటే స్టవ్ మీద గిన్నెలో చేయండి. మైక్రోవేవ్ అయితే దానికి పనికొచ్చే గాజు లేదా పింగాణీ గిన్నె వాడండి. గిన్నెపై ప్లాస్టిక్ మూత బదులు పింగాణీ ప్లేటు కప్పండి. స్టీలు మైక్రోవేవ్‌లో పెట్టకూడదన్నది మీకు తెలిసిందే.

4. పాలు కాచి, వేడిగా ఉండగానే ప్లాస్టిక్ గ్లాసులో పోయకండి. స్టీలు గ్లాసులో ఇవ్వండి.

5. గీతలు పడినవి, మసకబారినవి, వాసన పట్టినవి అయిన ప్లాస్టిక్ డబ్బాలను తిండికి వాడడం ఆపేయండి. రబ్బర్లకు, పెన్సిళ్లకు అవి చక్కగా పనికొస్తాయి.

మరి పిల్లలు ముచ్చటపడి కొనిపించుకున్న బొమ్మల డబ్బా సంగతేమిటి? లాక్కుంటే రోజూ పొద్దున్నే గొడవ. అది వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. అందులో అరటిపండు ముక్కలు, జామకాయ, మురుకులు, వేయించిన పల్లీలు చల్లారాక పెట్టి స్నాక్స్ బ్రేక్‌కు పంపండి. చల్లటి, పొడి పదార్థాలకు ప్లాస్టిక్‌తో వచ్చే ఇబ్బంది చాలా తక్కువ.

ఈ ఆదివారం ఒక పావుగంట తీసుకుని, వంటింటి అరలో ఉన్న డబ్బాలన్నీ మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి కింద పరచండి. అంకెలు వాళ్లనే చదవమనండి. వేడికి పనికొచ్చేవి ఒక పక్క, చల్లటివాటికి ఒక పక్క, తీసేయాల్సినవి ఒక పక్క వాళ్లనే సర్దమనండి. సోమవారం ఏ డబ్బాలో ఏం పెట్టాలో ఆ తర్వాత వాళ్లే మీకు గుర్తుచేస్తారు.