సూదిబెజ్జము చెప్పు వృత్తాంతము

మనము నిత్యము చేతఁబట్టు సూది యొక్క బెజ్జమును జూచి యిది యే జాతివారిదో చెప్పవచ్చునన్న నమ్ముదురా? ఉత్తర కెనడాలో, పెక్కు మాసములు సముద్రము గడ్డకట్టియుండు తీరములందలి పాడుదిబ్బలలో నెముక సూదులు దొరకినవి. అచట చర్మవస్త్రపుఁ గుట్టు వదులైనచో వేఁటకుఁ బోయినవాఁడు తిరిగి యింటికి రాఁడు.

ఆ తీరముల డోర్సెట్ జనులు రమారమి రెండువేల యేండ్లుండిరి. బాఫిన్ దీవి చెంత నప్పుడు కేప్ డోర్సెట్ అనఁబడిన చోటినుండి వచ్చిన వస్తువులఁ బరిశీలించి, 1925లో డైమండ్ జెన్నెస్ పండితుఁడు వీరిని గుర్తించెను. 13వ శతాబ్దప్రాంతమున అలాస్కానుండి తూలే జనులు వచ్చిరి. నేఁటి ఇన్యూట్ జనులకు వీరే పూర్వులు. ఇరువురును వేఱు జాతులని 2014లో జన్యుపరిశోధనయుఁ దెలిపినది.

తూలేవారు వింటిత్రాటితోఁ ద్రిప్పు బరమాతో గుండ్రని బెజ్జము వేసిరి. డోర్సెట్‌వారికి బరమా లేదు. రాతిమొనతో గీచి గీచి తొలిచిన వారి బెజ్జము కోలగా నుండును. వింత యేమన, వారికంటె ముందచట నున్నవారు బరమా నెఱిఁగినవారే!

బరమా లేనంతమాత్రమున డోర్సెట్‌వారిని మందమతులనుట నాకు సమ్మతము గాదు. వాల్రస్ దంతపుఁ దునుకను మలచి వారు చేసిన వ్రేలెడు ధ్రువపుటెలుఁగుల చిత్రములఁ జూచితిని. తూలేవారి చెక్కడములలో నంత జీవకళ నాకుఁ గానరాలేదు. తూలేవారికిఁ బెద్ద తోలుపడవలు, మంచుబండ్లు లాగు కుక్కలు నుండెను. తిమింగిలములఁ గొట్టి వాని యెముకలనే యింటికి దూలములుగా వేసికొనిరి.

కట్టెలు కఱవైన యా చోట నిరువురికిని బలపపురాతి దీపమే పొయ్యి. సీలుజంతువు క్రొవ్వు దానికి నూనె. వంటయు వెలుతురును దానివలననే. ఇన్యూట్‌ల పాత యిండ్లలోఁ దడిసిన వస్త్రము లారుటయు దానిమీఁదనే. అది కొండెక్కకుండఁ గాచుట యిల్లాలి పనియై యుండెను.